ఆమె క్లాసుకు నేను వేసిన గ్రేడు

హైస్కూళ్ళ తనిఖీ అంటే బయటివాళ్ళు ఏదో ఊహించుకుంటారు. పైనుంచి ఎవరో దొర దిగుతాడు, కళ్ళెర్రజేస్తాడు, తప్పులు పడతాడు అని. అంత సీను లేదు. మా దగ్గర ప్యానెల్ ఇన్‌స్పెక్షన్ అని ఒకటుంటుంది. చుట్టుపక్కల బళ్ళ నుంచి సబ్జెక్టుకొక టీచర్ని ఏరి, ఒక ఆఫీసర్ వెంట జీపెక్కించి ఇంకో బడి మీదికి పంపుతారు. ఈ వారం నేను మీ క్లాసులో వెనక బెంచీ మీద కూర్చొని గ్రేడు వేస్తే, వచ్చే వారం మీరొచ్చి నా క్లాసుకు వేస్తారు. అందుకని ఎవరూ ఎవరికీ తక్కువ వెయ్యరు. మధ్యాహ్నం కోడికూరతో భోజనం, సాయంత్రం అందరికీ బీ గ్రేడు, ఎవరింటికి వాళ్ళు. నేనూ చాలా బీలు వేశాను. చాలా కోడికూర తిన్నాను.

నా భార్యకు ఇదంటే ఒళ్ళు మంట. ఆమెదీ లెక్కలే, నాదీ లెక్కలే. నాకు ఆత్మకూరులో ఉద్యోగం, ఆమెకు ఉదయగిరికి ఇవతల ఒక పల్లెలోని హైస్కూల్లో. తనిఖీ అనగానే మిగతా టీచర్లు బాగా చదివే పిల్లల్ని ముందు బెంచీల్లోకి జరిపి, రాని వాళ్ళకు "రేపు రాబాకండి" అని చెప్పి పంపేవాళ్ళు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఈమె ఏమీ రాని వాళ్ళను తెచ్చి మరీ ముందు కూర్చోబెట్టేది.

"ఏమయ్యా, చూసేదానికే గదా వచ్చేది. చూడనీ" అనేది నాతో.

జబ్బు బయటపడ్డాక ఆమెకున్న సెలవులన్నీ నెల్లూరు ఆసుపత్రికే సరిపోయాయి. మందు ఎక్కించుకొని వస్తున్నప్పుడు సంగం దాటేదాకా కారు అద్దానికి తల ఆనించుకొని కళ్ళు మూసుకొనే ఉండేది. రెండు రోజులు మంచం మీద, ఆ మర్నాడు పొద్దున్నే ఉదయగిరి బస్సు. వద్దంటే వినేది కాదు. "పిల్లకాయలు పరీక్ష రాయాల. నా జబ్బొచ్చి రాస్తదా?" అని నన్నే కసిరేది.

జుట్టు రాలిపోయాక తలకు నూలుగుడ్డ కట్టుకొని వెళ్ళింది. సూదులు గుచ్చీ గుచ్చీ కుడిచెయ్యి వాచి చాక్‌పీసు పట్టలేకపోతే, కుర్చీలో కూర్చొని నోటితో చెబుతూ ఒక అమ్మాయి చేత బోర్డు మీద రాయించింది. గొంతు కూడా పోతూ వచ్చింది. వెనక బెంచీలకు వినపడేది కాదని నాకు తెలుసు, ఎందుకంటే ఇంట్లో వంటగదిలోంచి పిలిస్తే నాకే వినపడేది కాదు. ఒక సాయంత్రం బస్సు దిగి, చెప్పులు కూడా విప్పకుండా గడప మీద కూర్చుండిపోయింది.

"నేను చెప్పినాను అనుకుంటన్నానేగానీ వాళ్ళకు ఎక్కడంలా" అంది.

"అన్నీ ఎక్కుతాయిలే, లే, కాఫీ తాగు" అన్నాను. ఆమె లేచి కాఫీ తాగింది. ఆ పిల్లల్ని తొమ్మిదో తరగతంతా అలాగే లాక్కొచ్చింది. వాళ్ళు పదిలోకి వచ్చాక కొద్ది వారాలు చెప్పి, ఇక లేవలేదు. సమాధుల తోటకు ఆ క్లాసు పిల్లలు ట్రాక్టరెక్కి వచ్చారు. పాస్టరు గారు ప్రార్థన చేస్తున్నంతసేపూ యూనిఫారాల్లో వరసగా నిలబడి ఉన్నారు, అసెంబ్లీలో నిలబడ్డట్టు.

ఆమె పోయిన నాలుగు నెలలకు ప్యానెల్ జాబితా వచ్చింది. లెక్కలకు నన్ను వేశారు. బడి ఆమెది.

ఆఫీసర్ మంచివాడు. ఫోన్ చేసి, "మీకు కష్టమైతే ఇంకొకరిని వేస్తాను సార్" అన్నాడు. పోతానని చెప్పాను. ఆమె పాఠం చెప్పిన గదిని ఒకసారి చూడాలని ఉండింది. ఇంకెవరో వచ్చి ఆమె క్లాసుకు గ్రేడు వేయడం కూడా నాకు ఇష్టం లేకపోయింది.

ఆమె తర్వాత ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. లెక్కల పీరియడ్‌లో పిల్లలు ఎక్కాలు రాసుకుంటూనో, ఆటస్థలంలోనో ఉంటున్నారు. అయినా ప్యానెల్ వస్తే ప్రతి సబ్జెక్టులోనూ ఒక పాఠం జరగాల్సిందే. హెడ్మాస్టర్ ఆమెకు బోర్డు రాసిపెట్టిన అమ్మాయినే నిలబెట్టాడు. సన్నటి పిల్ల, రెండు జడలు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. నేనెవరో పిల్లలందరికీ తెలుసు. మా ఆవిడకు బస్సు తప్పిపోయిన రోజుల్లో నా బండిని గేటు దగ్గర చూసినవాళ్ళే.

ఆ అమ్మాయి త్రిభుజం గీసింది. ఒక భుజానికి సమాంతరంగా గీత గీస్తే అది మిగతా రెండు భుజాల్నీ ఒకే నిష్పత్తిలో కోస్తుందనే సిద్ధాంతం. గీత గీసి, చాక్‌పీసు కింద పెట్టి, మా వైపు తిరిగి, "గీత గీసినాం. ఇప్పుడు ఒక్క నిమిషం నోరు మూసుకోని దాన్ని చూడండి" అంది.

ఆ మాట నా భార్యది. ఆ విరుపు కూడా ఆమెదే. క్లాసంతా నోరు మూసుకొని చూసింది, నేనూ చూశాను. తర్వాత ఆ పిల్ల ఒక్క మెట్టు కూడా తప్పకుండా చివరిదాకా నిరూపించింది. పక్కన కూర్చున్న ఆఫీసర్ "భేష్" అన్నాడు. నాకు లేచి బయటికి పోవాలనిపించింది. పోకుండా, "వాళ్ళకు ఎక్కడంలా" అన్న ఆమె మాట గుర్తొచ్చి బోర్డు దగ్గరికి వెళ్ళాను.

అదే త్రిభుజాన్ని తలకిందులుగా గీసి, ఏ, బీ, సీలకు బదులు పీ, క్యూ, ఆర్ అని పెట్టి, "ఇప్పుడు చెప్పమ్మా" అన్నాను.

ఆ పిల్ల బోర్డు వైపు చూసింది, నా వైపు చూసింది. మళ్ళీ ఏ, బీ, సీ అనే మొదలుపెట్టి ఆగిపోయింది. ఆ పిల్లకు వచ్చింది ఆ ఒక్క బొమ్మ, ఆ అక్షరాలు, ఆ వరస. మా ఆవిడ చెబుతుంటే చెయ్యి రాసుకుంటూ పోయింది, అంతే. మిగతావాళ్ళను అడిగాను. మైనస్ మూడుకు మైనస్ రెండు కలిపితే ఎంత? "ప్లస్ ఐదు" అని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. సగంలో సగం ఎంతంటే ఒక అబ్బాయి నిలబడి "ఒకటి సార్" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. వాళ్ళకు నవ్వాలని కూడా తెలియలేదు.

భోజనానికి ముందు కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే ఆ అమ్మాయి ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకొని వచ్చింది.

"సార్, మాకు తక్కువేస్తారా?"

నేను కుళాయి కట్టేశాను.

"మేడం బాగానే చెప్పింది సార్. మాకే ఎక్కలా. అట్టనే రాయండి సార్, మేడం మీద రాయబాకండి."

పోయి అన్నం తినండమ్మా అన్నాను. ఆ రోజు కూడా కోడికూరే పెట్టారు. నేను మజ్జిగన్నం తిని లేచాను.

సాయంత్రం గ్రేడులు వేసేందుకు హెడ్మాస్టర్ గదిలో కూర్చున్నాం. లెక్కలు అని ఉన్నచోట టీచర్ పేరు ఆమెదే ఉంది. కొత్తవాళ్ళు వస్తేగానీ ఆ పేరు మారదట. ఆఫీసర్ తగ్గు గొంతుతో, "బీ వేసేద్దాం సార్. పోయినామె పేరు మనమెందుకు చెడగొట్టాల?" అన్నాడు. హెడ్మాస్టర్ తలూపాడు. ఇద్దరూ నా మీద దయతోనే అన్నారు.

బీ వేస్తే లెక్కలు బాగానే ఉన్నాయని అర్థం. బాగానే ఉంటే ఎవరినీ పంపరు. డీ వేస్తే, పదో తరగతి గనక, పక్క బడి నుంచి వారానికి రెండు రోజులైనా ఎవరినో ఒకరిని వేస్తారు. పరీక్షలకు ఇంకా టైముంది, ఎవరైనా వచ్చి కూడికల కాడ నుంచి మొదలుపెట్టి నూరిపోస్తే సగం మంది గట్టెక్కుతారు. ఇదంతా నాకు కుర్చీలో కూర్చోకముందే తెలుసు. అయినా పెన్ను చాలాసేపు పట్టుకొని కూర్చున్నాను. ఆమె ఒళ్ళు హూనం చేసుకొని చెప్పిన ఆఖరి పాఠాలకు, ఆమె పేరు పక్కన, డీ అని వేశాను. కింద రిమార్కులో సగం పేజీ రాశాను. టీచర్ జబ్బుతో ఉండి కూడా మానకుండా చెప్పారని, నాలుగు నెలలుగా పోస్టు ఖాళీగా ఉందని, ఈ పిల్లలకు వెంటనే మనిషి కావాలని. సంతకం చేసి కాగితం ఆఫీసర్ ముందుకు జరిపాను.

నెల గడిచింది. ఎవరూ రాలేదు. ఆ బడికి ఫోన్ చేసినప్పుడల్లా హెడ్మాస్టర్ "రేపో మాపో వస్తారు సార్" అనేవాడు. తర్వాత ఒక ఆదివారం, నేను చర్చి నుంచి తిరిగొచ్చేసరికి ఆయనే మా ఇంటి ముందు బండి ఆపుకొని నిలబడి ఉన్నాడు. ఆత్మకూరులో ఏదో పనుండి వచ్చాడనుకున్నాను. లోపలికి రమ్మన్నా రాలేదు. చొక్కా జేబులోంచి కాగితం తీశాడు.

"మీకు చెప్పకండా జవాబు పంపితే బాగుండదని వచ్చినాను సార్. తప్పుగా అనుకోబాకండి."

అది మెమో, నా భార్య పేరు మీద వచ్చింది. పదో తరగతి గణితంలో మీ బోధన అధమస్థాయిలో ఉన్నట్టు ప్యానెల్ గుర్తించింది, కారణాలు తెలుపుతూ వారంలోగా సంజాయిషీ ఇవ్వవలసింది, లేనిచో మీపై చర్య తీసుకోబడును.

"నేను రాసింది చదవలేదా?" అన్నాను.

"రిమార్కులు కంప్యూటర్లో ఎక్కించేదానికి లేదంట సార్. గ్రేడ్ ఒక్కటే పోయిందంట. డీ వచ్చినోళ్ళందరికీ మెమోలు వాటంతటవే పోయినాయి."

అరిచాను. ఆయన మీద కాదుగానీ ఆయనే ఎదురుగా ఉన్నాడు. ఈ బడులకు రంగులు వేయించే వాళ్ళకు, మరుగుదొడ్లకు ఫొటోలు తీయించే వాళ్ళకు, చచ్చిపోయిన మనిషిని చర్య తీసుకుంటామని బెదిరించే వాళ్ళకు ఒక్కరికైనా పిల్లవాడు సగంలో సగం ఒకటి అన్నాడని తెలుసా అని అరిచాను. పక్కింటివాళ్ళు తలుపు తీసి చూశారు. ఆయన తల దించుకొని అంతా విన్నాడు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు.

"నేనే రాసి పంపిస్తాను సార్, మీరు కూర్చోండి" అన్నాడు.

వద్దన్నాను. వేసింది నేను, రాయాల్సింది నేనే. అరుగు మీదే కూర్చొని, ఆయనిచ్చిన తెల్లకాగితం మోకాలి మీద పెట్టుకొని, మెమో నంబరు వేశాను. "పై టీచర్" అని రాసి ఆగిపోయాను. అప్పటిదాకా ఆమె చావు సంగతి నా చేత్తో ఎక్కడా రాయలేదు. ఆసుపత్రి కాగితాలు, మున్సిపాలిటీ కాగితాలు, పెన్షన్ కాగితాలు అన్నీ మా బావమరిదే నింపాడు. చూపించినచోట నేను సంతకం పెట్టానంతే. ఇప్పుడు నేను వేసిన డీకి సంజాయిషీగా ఆ మాట నేనే రాయాల్సి వచ్చింది.

"పై టీచర్ చనిపోయారు" అని రాశాను. హెడ్మాస్టర్ ముందే ఏడ్చాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి ఊరికే నిలబడ్డాడు. కాసేపటికి కళ్ళు తుడుచుకొని, కింద ఇంకో వాక్యం రాశాను. పిల్లలకు లెక్కల టీచర్ని పంపగలరు.

పంపలేదు.