జవాబు మోసేవాళ్లు

నిన్న మధ్యాహ్నం దోహాలోని అల్ ఘర్రాఫాలో కారు దిగుతూ ఒక రేకు తలుపుకు చేయి ఆనించాను. చురుక్కుమంది. వెంటనే మర్యం మేడం గుర్తొచ్చారు. కరీంనగర్ నుంచి తెలుగు, ఉర్దూ వెంట తెచ్చుకుని, ఇక్కడ అరబ్బీ నేర్చుకుని, పని నియమాలు చూసే ఒక ప్రభుత్వ కార్యాలయంలో నేను దుబాసీగా చేరినప్పుడు ఆవిడే మా అధికారి. మాకు వచ్చే అర్జీల్లో ఒక రకం వేరుగా ఉండేది. తప్పు జరిగాక వచ్చే ఫిర్యాదు కాదది. ‘ఫలానా పని చేయబోతున్నాం, మీ నియమం మాకు వర్తిస్తుందా, ముందే తేల్చి చెప్పండి’ అనే అర్జీ. దానికి జవాబివ్వడమా, మానడమా అన్నది పూర్తిగా మేడం విచక్షణకే వదిలేశారు.

అలాంటి వెసులుబాటు ఉంటే తలుపు మూసుకునేవాళ్లే ఎక్కువ. ఆవిడ మాత్రం ఊసుపోక అడిగినవాటినే తిప్పి పంపేవారు. “తప్పు చేసి దాక్కునేవాళ్లను రోజూ చూస్తున్నాం. ముందుగా వచ్చి అడిగినవాణ్ణి చీకట్లో నిలబెట్టకూడదు నస్రీన్” అనేవారు నాతో.

ఒక వేసవిలో ఉత్తరాన ఉన్న అల్ రువైస్ రేవు నుంచి పడవలు బాగుచేయించే యజమాని ఒకాయన వచ్చాడు. మధ్యాహ్నం ఎండలో ఆరుబయట పని ఆపాలన్న నియమం తన రేకుల షెడ్డుకూ వర్తిస్తుందా అన్నది ఆయన సందేహం. “పైన కప్పుంది కదా, వర్తించదని రాసేస్తే సరి” అన్నాడు మా సహోద్యోగి. మేడం అర్జీ పక్కన పెట్టారు. “అడిగినాయన నా ఎదురుగా ఉన్నాడు. నా జవాబు మోయాల్సినవాళ్లు ఎక్కడున్నారు?” అన్నారు. మర్నాడు మిట్టమధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని అల్ రువైస్ బయల్దేరారు.

షెడ్డు కింద పడవ అడుగు గీకుతున్నవాళ్లంతా జగిత్యాల వైపువాళ్లు. వాళ్లలో పెద్దవాడు రాజేశం. ఎట్లుంటది కాకా ఇక్కడ అని అడిగాను.

“నీడనే బిడ్డా, ఎండ మీద పడది. గని రేకు కాగిందంటే పెనం కింద కూసున్నట్టే. మొన్న మావోడొకడు కండ్లు తిరిగి పడ్డడు.” యజమాని వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. “గిట్ల చెప్తే మా పని పోదు గద?”

ఆ మాట అరబ్బీలో చెప్పడానికి నేను తటపటాయించాను. “అదే ముందు చెప్పు” అన్నారు మేడం. విని యజమాని ముఖం ఎర్రబడింది. “మాఫీ, మాఫీ! అలాంటిదేం లేదు, ఎవరి పనీ పోదు. పడవలు ఆలస్యమైతే జాలర్లు నా మీద పడతారు. ఏం చేయాలో తెలియకే కదా మీ దగ్గరికొచ్చాను!” అన్నాడు. మేడం అక్కడే ఒక చెక్క పెట్టె మీద కూర్చున్నారు. పని చూస్తూ, చెమటలు కారుతున్నా లేవలేదు.

ఆవిడ నిర్ణయం సూటిగా ఉంది. పక్కలు తెరిచి ఉన్న రేకుల షెడ్డు ఆరుబయలు కిందే లెక్క. గోడలు కట్టి లోపల చల్లబరిస్తే కాదు. యజమాని సణుక్కున్నాడు గానీ, అప్పటికి పనిని తెల్లవారుజాముకు మార్చాడు. మరుసటి వేసవికల్లా గోడలు కట్టి ఏసీలు పెట్టించాడు. మేం మళ్లీ వెళ్తే రాజేశం ఎదురొచ్చి, “ఇప్పుడు పానం నిమ్మళంగున్నది బిడ్డా, మేడంకు చెప్పు” అన్నాడు. ఆ ఒక్క వాక్యం అనువదించినంత సంతోషంగా నేను మరేదీ అనువదించలేదు.

మేడం పదవీ విరమణ చేశారు. ఆవిడ అధికారం నాకు లేదు, రాదు కూడా. కానీ ఎవరి అర్జీ అనువదించినా, ఈ జవాబు ఎవరి మీద పడుతుందో వాళ్లను అడిగారా అని కొత్త అధికారిని అడగకుండా ఉండలేను. మొదట్లో ఆయన విసుక్కునేవాడు. ఈమధ్య అర్జీ చేతికందగానే తనే తలెత్తి, “అక్కడ పనిచేసేవాళ్లు ఏ భాష మాట్లాడతారు?” అంటున్నాడు.