నూలుమిల్లులో చదివిన రాక్ కథ

మొన్న ధర్మవరంలో మా మనవరాలు ఒక నవల ముగించి పక్కన పడేస్తూ, "రాక్ పాట పాడితే లోకమే మారిపోయిందంట. ఇవన్నీ కతల్లోనే అవ్వా, బయట యాడ మారుతాది?" అంది. నేను ఊరుకోలేకపోయాను, ఎందుకంటే వయసులో ఉన్నప్పుడు అలాంటి కథ ఒకటి నేనూ రాశాను, అది బయట ఏం చేసిందో కళ్లారా చూశాను.

అప్పుడు హిందూపురంలో ఒక నూలుమిల్లులో గుమాస్తాగా ఉండేదాన్ని. క్యాసెట్టు దొరకడమే గొప్పయిన ఆ రోజులు మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటాయి. బెంగళూరికి లారీ తోలే మా చిన్నాయన తెచ్చిన క్యాసెట్టులో ఎలక్ట్రిక్ గిటారు మోత మొదటిసారి విన్నప్పుడు, మాట ఒక్కటీ అర్థం కాకపోయినా, ఎవరో నా తరఫున గట్టిగా అరుస్తున్నట్టు అనిపించింది. మా మిల్లులో ఆడవాళ్లు కూర్చుని తినడానికి చోటే లేదు, దూది పొట్టు ఎగిరే మిషన్ల పక్కన నిలబడే సంగటి గబగబా మింగేవారు. అందుకే నా కథలో ఆ ఆడవాళ్లే రాక్ బృందం కట్టారు, వాళ్ల డ్రమ్ముల దెబ్బకు ముందు మిల్లు గేటు, ఆ తర్వాత లోకంలో మూసి ఉన్న గేట్లన్నీ తెరుచుకున్నాయి.

కరెంటు పోయి మిషన్లు ఆగిన ఒక మధ్యాహ్నం ఆ కథను వాళ్లకు చదివి వినిపించాను. అందరూ నవ్వారు. అక్కడే పనిచేసే మా పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. "గిటార్లు మనకి యాడుండాయి పాపా? సద్ది డబ్బాలుండాయి కదా," అంది.

మర్నాడు అన్నం వేళకు అందరూ మేనేజరు గది ముందు ఎండలో కూర్చుని డబ్బాల మీద దరువు మొదలుపెట్టారు. నేనూ వెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నాను. మేనేజరు బయటికి వచ్చి, "కత రాసింది నువ్వేనంట కదా. తప్పయిందని చెప్పు, ఉద్యోగం ఉంటాది," అన్నాడు.

"రాసింది నేనే సార్. తప్పేమీ లేదు," అన్నాను.

ఆ సాయంత్రమే నన్ను తీసేశారు. దరువు మాత్రం రోజూ సాగింది, చివరికి ఆడవాళ్లు కూర్చుని తినడానికి గేటు పక్కన రేకుల షెడ్డు లేచింది. మా నాయన ఒకరోజు అటు పోయి, అందులో కూర్చుని తింటున్న పెద్దమ్మను చూసి వచ్చి, "బాగుండాది పాపా," అన్నాడు, అంతే.

ఇప్పుడు ఆ మిల్లూ లేదు, షెడ్డూ లేదు, అక్కడ ఇళ్ల ప్లాట్లు వేశారు. పెనుకొండ వైపు పోయినప్పుడల్లా ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీకి పోయే బస్సులు కనబడతాయి. వాటిలో ఆడపిల్లలందరి చెవుల్లోనూ పాటలే, కానీ ఎవరి పాట వాళ్ల చెవిలోనే మోగి ఆగిపోతుంది, పక్క సీటు పిల్లకు కూడా వినపడదు. ఎవరైనా ఒక పిల్ల ఆ ఇయర్‌ఫోన్లు పీకేసి బస్సంతా వినపడేలా గొంతెత్తితే బాగుండునని, డ్రైవరు కసిరినా ఆపకుంటే బాగుండునని, ఈ వయసులో నాకొక ఆశ.