లావు అక్షరాల నోటీసు

మొన్న మా సెంటినరీ కాలనీల నల్లాలు బందైనయని ఇన్నరా? మోటరు ఖరాబైందని కొందరు, పైపు పలిగిందని కొందరు మీకు చెప్పే ఉంటరు. ఏం కాలె. గది నా చేతిపనే! నవ్వుండ్రి, నవ్వుండ్రి. నవ్వుడైనంక చెప్త.

కాలనీ గేటు కాడ నాకు డీటీపీ షాపు ఉన్నది. పద్దెనిమిదేండ్ల సంది కంప్యూటర్ ముంగట కూసొని ఊరోళ్ల ఫ్లెక్సీలు చేస్తున్న. ఏనాడన్న ఒక్కరన్న "అక్కా, ఈ అక్షరం మంచిగున్నది" అన్నరా? అందరిది ఒక్కటే పాట. "పేరు ఎర్రగ పెట్టు. ఫోటో ఇంకింత పెద్దగ పెట్టు." ఆ ఫోటోలు పెద్దగ చేసి చేసి నాకు మనుషుల మొఖాలంటెనే యాష్టకొచ్చింది.

గట్లాంటిది పోయిన వారం కంపెనీ వెల్ఫేరు ఆఫీసరు సారు వచ్చిండు. కోస్తా మనిషి, మెల్లగ మాట్లాడ్తడు. కాలనీల కొత్త లైబ్రరీకి బోర్డు కావాలన్నడు. "ఏ అక్షరం పెట్టాలో మీ ఇష్టమమ్మా. చూడగానే గౌరవం కలగాలి, అంతే" అన్నడు. మీ ఇష్టం! నాతోని ఆ మాట అన్నది సారొక్కడే. ఎట్లన్న చేసి ఆ బోర్డు నాకే దక్కాలె, నేను పోయినంక గూడ అది లైబ్రరీ మీద ఉండాలె అనుకున్న.

రెండు రోజులు ఎతికి ఒక ఫాంటు తెచ్చిన. పాత అచ్చు పుస్తకాల అట్టల మీద ఉండే తీరు, మంచి బోల్డు. నిలువు గీత లావుగ దిగుతది, మలుపు కాడ సన్నగైతది, తలకట్టు కత్తితోని కోసినట్టుంటది. అండ్ల ఇంగ్లిష్ అక్షరాలు గూడ ఉన్నయి, కాళ్ల కింద చిన్న చిన్న పీటలు ఏసినట్టు. గా పీటలనే సెరిఫ్ అంటరు. చిన్న సైజుల పెడితే సున్నాలు పూడుకపోతయి, చదివెటోళ్లకు కండ్లు గుంజుతయి. బోర్డుకు, హెడ్డింగుకే గది. దూరంకెల్లి చూస్తెనే దాని అందం తెలుస్తది.

మొన్న పన్నెండింటికి సారు అక్షరాలు చూస్తందుకు వస్తనన్నడు. లైబ్రరీ పేరుల ఉన్నయే నాలుగైదు అక్షరాలు. మిగిలినయి ఎట్ల వస్తయో చూడొద్దా? మళ్ల కొత్తగ టైపు చేసుడెందుకని కంప్యూటర్ల ఉన్న పాత ఫైలొకటి తీసిన. ఎప్పుడో పైపులు మార్చినప్పటి నోటీసు. "రేపటి నుండి రెండు రోజులు నీటి సరఫరా ఉండదు." దాన్ని కొత్త ఫాంటుల పెట్టి, పెద్ద సైజుల ప్రింటు తీసి, షాపు అద్దానికి అంటిచ్చి, రోడ్డు దాటి చాయ్ హోటల్ల కూసున్న. దూరంకెల్లి చూడాలె గదా!

ఏం చెప్పాలె! అక్షరాలు అద్దం మీద దర్జాగ కూసున్నయి. ఒక ముసలాయన ఆగిండు. ఇద్దరు ఆడోళ్లు ఆగిన్రు. ఒకడైతే బండి ఆపి ఫోన్ల ఫోటో గుంజిండు. నా గుండె నిండిపోయింది. హోటల్ మల్లేశన్నతోని అన్న గూడ: "చూసినవా అన్నా? జనానికి అందం ఎరుకలేదంటరు గని, సూపెడితే ఎందుకు చూడరు?"

"అవు చెల్లె, శానమంది చూస్తున్నరు" అనుకుంట ఆయన రెండు బకెట్లు పట్టుకొని నల్లా కాడికి ఉరికిండు. నాకు అప్పుడన్న అర్థం కావద్దా? కాలె. ఇంకో చాయ్ నేనే పోసుకొని తాగిన.

అంతల మా అత్తమ్మ ఫోన్. "పిల్లా, జల్ది ఇంటికి రా! డ్రమ్ములు నిండినయి, బిందెలు నిండినయి, ఇగ దేంట్ల పట్టాలె?"

"నీళ్లు రావని ఎవలు చెప్పిన్రు అత్తమ్మా?"

"అందరి ఫోన్లకు వచ్చింది. నేనైతే నమ్మకపోతుంటి బిడ్డా. గని ఎంత లావుగ రాసిన్రు! గట్ల రాసినంక అబద్ధమైతదా?"

చాయ్ ఆడ్నే ఇడిసిపెట్టిన. ఉరికి పోయి కాయితం చింపిన. చింపితే ఏమైతది? వరుసకు వరుస క్వార్టర్లు, అన్ని నల్లాలు ఒక్కసారే ఇప్పిన్రు. గంటన్నరల కాలనీ నీళ్ల ట్యాంకు అడుగంటింది. నోటీసుల రేపటి నుండి అని ఉండె, ఒక్కరోజు ముందే నిజమైంది!

సారు వచ్చిండు. చెవి ఎన్క సబ్బు నురుగు ఎండిపోయి ఉన్నది.

"మీరేనా అమ్మా అది అంటించింది?"

"శాంపిల్ సార్..."

"మా ఆవిడ ఇల్లంతా నీళ్లు పట్టి పెట్టింది. నాకు మాత్రం చెంబెడు ఇవ్వలేదు. రెండు రోజులు సరిపెట్టుకోవాలట!"

"తప్పైంది సార్. మరి బోర్డు..."

"అక్షరాలు చాలా బాగున్నాయమ్మా, కాదనను. కానీ ఇప్పుడు మీకిస్తే కాలనీ వాళ్లు నన్ను ఊరుకోరు. పక్క బజారు షాపుకి చెప్పేశాను."

పక్క బజారోడు! పసుపుపచ్చ అక్షరాలు, వాటికి నీలం నీడ, చుట్టు పూలు. ఇగ దాన్ని లైబ్రరీ అంటరా, ఫంక్షన్ హాల్ అంటరా? నా కడుపు మండింది. ఇప్పటికి మండుతనే ఉన్నది.

సారు పోతు పోతు ఆగిండు. "ముందు ఇంకో నోటీసు కొట్టండి. అదే అక్షరాల్లో. వేరే దాంట్లో అయితే ఎవరూ నమ్మరు."

ఆయన చెప్తుంటే టైపు చేసిన. "నీటి సరఫరా నిలిపివేత వార్త అబద్ధం. సదరు నోటీసు స్వరూప డీటీపీ వారి తప్పిదం. ప్రజలు నమ్మవద్దు."

ఆ టైంల కాలనీ మొత్తంల నీళ్లు వచ్చింది నా కండ్లల్లనే. అయినా చెయ్యి ఊకుంటదా? షాపు పేరు నడుమకు తెచ్చిన. రెండు సైజులు పెంచిన. అక్షరం అక్షరం నడుమ సందు సరిచేసిన. పద్దెనిమిదేండ్లల్ల నా పేరు గంత అందంగ అచ్చైంది గదే మొదటిసారి. ముప్పై కాపీలు తీసి, ఎండల కాలనీ అంత తిరిగి, నేనే అంటిచ్చి వచ్చిన.