యూరియా లైన్‌లో రబ్బరు గుండు

మా ఆయన కేంద్ర బలగాల్లో జవాను. ఏ ఊళ్లో గొడవైనా వీళ్లను లారీల్లో తెచ్చి దించుతారు, గుంపును చెదరగొట్టమంటారు. పెళ్లైన కొత్తలో నేను భయపడుతుంటే, తమ దగ్గర ఉండేవి ప్రాణం తీసే ఆయుధాలు కావని ఫోన్లో ధైర్యం చెప్పేవాడు. పొగ గుండు, రబ్బరు గుండు, అంతేనట. జనం చావరు, ఉరుకుతారు అనేవాడు. నాకు అంతటితో ఆగే బుద్ధి ఉంటే కదా! ఎప్పుడు కొడతారని అడిగాను. ముందు మైకులో ఇళ్లకు పొమ్మని చెబుతారట. మీదికి వస్తే పొగ వదులుతారట. ఎవరైనా కిందికి వంగితే మాత్రం ఇక ఆలోచించరట. వంగాడంటే రాయి అందుకున్నట్టే లెక్క. ఎక్కడో అలా వంగినవాడికి కన్ను పోయిందని ఒకసారి నోరు జారాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు. మా అత్తమ్మకు ఇవేవీ తెలియవు. కొడుకు సర్కారు నౌకరి చేస్తున్నాడు, ఆదివారం ప్రార్థనలో అందరికంటే ముందు అతని కోసం మొక్కాలి. ఆమెకు తెలిసింది అంతే.

రెండేళ్ల కింద వానాకాలంలో నారాయణఖేడ్‌లో రెండు గుంపులు కొట్టుకుంటే బయటి నుంచి బలగాలను దించారు. సరిగ్గా ఆ వారమే యూరియా వస్తుందన్నారు. ఎరువు పడక పత్తి ఎర్రబడుతోంది. ఊళ్లో ఎవడు ఎవణ్ని కొడితే పత్తి ఆగుతుందా? నేనూ అత్తమ్మా మనూర్ వైపు నుంచి పొద్దున్నే ఆటో ఎక్కి నారాయణఖేడ్‌లో ఎరువుల గోదాము దగ్గర దిగాం.

మా దగ్గర యూరియా లైన్‌లో మనుషులు నిలబడరు, చెప్పులు నిలబడతాయి. వచ్చినవాళ్లు వచ్చినట్టు చెప్పులు విడిచి, వాటి మీద పాస్‌బుక్ జిరాక్సు పెట్టి, గాలికి ఎగరకుండా దాని మీద ఒక రాయి ఉంచి, రోడ్డుకు అవతల షెడ్డు నీడలో కూర్చుంటారు. ఒకరి చెప్పులు ఇంకొకరు జరపరు. జరిపినవాణ్ని ఏడు తరాలు వెనక్కి వెళ్లి తిట్టే ఆడవాళ్లు ప్రతి లైన్‌లోనూ ఉంటారు. వాళ్లకు మా అత్తమ్మే పెద్దదిక్కు.

మధ్యాహ్నమైనా లారీ రాలేదు. సరుకు దొడ్డిదారిన పోతోందని ఎవరో అన్నారు. నలుగురు మగవాళ్లు పోయి షట్టర్‌ను దబదబా బాదారు. ఆ చప్పుడుకే కాబోలు, జవాన్ల బండి వచ్చి ఆగింది. హెల్మెట్లు, డాళ్లు, పొట్టి గొట్టాల తుపాకులు. గోదాము గేటుకు అడ్డంగా వరుస కట్టారు. షట్టర్ బాదినవాళ్లు గప్‌చుప్‌గా మా వైపు వచ్చేశారు. ఇప్పుడు షెడ్డులో మేము, అవతల వాళ్లు, నడుమ మా చెప్పులు. ఆ చెప్పులు ఏమిటో, ఆ రాళ్లు ఎందుకో బయటి నుంచి వచ్చిన ఆ జవాను పిల్లలకు ఎవరు చెప్పారు? దారి పొడుగునా రాళ్లు పేర్చి ఉంచామనుకుని ఉంటారు.

అందరూ ఇళ్లకు వెళ్లిపొమ్మని ఆఫీసరు మైకులో హిందీలో చెప్పాడు. మాకు అర్థం కాకపోవడమేమీ లేదు, ఉర్దూ మాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఇవాళ ఇక యూరియా రాదు, పోదాం పదండి అనుకుంటూ జనమంతా ఒక్కసారి లేచారు. లేచి, చెప్పుల దగ్గరికి నడిచారు.

ముందు డాళ్లు పైకి లేచాయి. అప్పుడు తట్టింది నాకు. మాకు అది ఇంటికి పోవడం, వాళ్లకు అది మీదికి రావడం. మైకు మళ్లీ అరిచింది. మొదటి వరుసలో ఉన్నవాళ్లు అప్పటికే వంగారు, అత్తమ్మ కూడా వంగింది. నేను వెనక నుంచి పరుగెత్తాను.

"అత్తమ్మా, రాయి కింద పడెయ్! పడెయ్!"

పొగ గుండు టప్పున పేలింది. కళ్లలో కారం కొట్టినట్టైంది. ఆ పొగలోనే, నేనెందుకు అరుస్తున్నానో తెలియక అత్తమ్మ లేచి నిలబడి నా వైపు తిరిగింది. ఒక చేతిలో చెప్పులు, జిరాక్సు. ఇంకో చేతిలో రాయి. నేను ఇంకో నాలుగడుగులు వేస్తే అందేది. రెండో చప్పుడు అయింది. ఆమె అరవలేదు, కూలబడింది.

ఆమె మొహం మీద పడ్డ కొంగు తీయడానికి నా చేతులు రాలేదు. కన్ను పోయిందనే అనుకున్నాను. ఎదురుగా తుపాకి పట్టుకున్న జవానుకు మా ఆయన వయసే ఉంటుంది. వాడూ భయపడి ఉన్నాడు, తెలుస్తూనే ఉంది. అయినా ఆ నిమిషంలో వాడి పీక పిసకాలనిపించింది. ఎవరో కొంగు తొలగించారు. కళ్లు రెండూ ఉన్నాయి. మెడ కింది ఎముక విరిగింది. జానెడు పైకి తగిలి ఉంటే మన చేతుల్లో ఉండేది కాదని దవాఖానలో డాక్టరు అన్నాడు.

మర్నాడు సాయంత్రం మా ఆయన ఫోన్ చేశాడు. జరిగిందంతా చెప్పాను, ఒక్క ముక్క దాచలేదు. ఫోన్ అమ్మకు ఇవ్వమన్నాడు. ఆమె చెయ్యి లేవదు కాబట్టి స్పీకర్ పెట్టి పట్టుకున్నాను.

"నీ చేతుల రాయి ఎందుకున్నదమ్మా?" అన్నాడు. గొంతు కొడుకుది కాదు, డ్యూటీది.

అత్తమ్మకు కోపం రాలేదు. తెలియక అడుగుతున్నాడు, చెప్పాలి అన్నట్టు చెప్పింది.

"ఇంటికి పొమ్మన్నరు గద బిడ్డా. రాయి తియ్యకుంట చెప్పులెట్ల తొడుగుత?"

అటు నుంచి కాల్ కట్ కాలేదు. నా చెయ్యి గుంజుతున్నా ఫోన్ అలాగే పట్టుకుని నిలబడ్డాను.