సగం హకీం

రెండు వేల అయిదు, ఆరు ప్రాంతంలో నన్ను బీదర్ నుంచి కుశనూర్ అవతల ఒక చిన్న ఆరోగ్య కేంద్రానికి సీనియర్ హెల్త్ అసిస్టెంటుగా బదిలీ చేశారు. జ్వరాల సర్వే చేయడం, మలేరియా పరీక్షకు రక్తం తీయడం, టీకాల పని చూడడం నా బాధ్యత. మందు రాసే అధికారం డాక్టరుదే. ఆ పోస్టు ఖాళీ. బీదర్ డాక్టరొకాయన డిప్యుటేషన్ మీద, అంటే అక్కడి పని వదలకుండానే, వారానికి రెండు రోజులు రావాలి. చాలా వారాలు అసలు వచ్చేవాడే కాదు.

హైదరాబాద్ అప్పుడు మంచి జోరు మీదుంది. మా పల్లెల్లో వయసులో ఉన్నవాళ్లంతా అక్కడి బిల్డింగు పనులకు పోయారు. అక్కడొక పెద్ద ఆసుపత్రిలో స్ట్రెచర్లు తోసిన ప్రకాశ్ మాత్రం తిరిగొచ్చి, బస్టాండు పక్కన దవాఖాన తెరిచాడు. బోర్డు మీద డిగ్రీ ఉండాల్సిన చోట ‘హైదరాబాద్’ అని రాయించాడు. జనానికి అది చాలింది.

లక్ష్మమ్మ కూలి మనిషి. జ్వరమని పోతే ప్రకాశ్ పిర్రకు సూది వేశాడు. అది నరానికి తగిలి కుడికాలు పడిపోయింది. సంగతి తెలిసి నేను పైకి రిపోర్టు పంపాను. తాలూకా ఆరోగ్యాధికారి పోలీసుతో వచ్చాడు. ఇద్దరు సాక్షుల ముందు పంచనామా రాసి దవాఖానకు సీలు వేశాం. మాటల్లో నేను ప్రకాశ్‌ను నీమ్ హకీం అన్నాను. అధికారి మైసూరు వైపు మనిషి, వేపాకు వైద్యుడా అని అడిగాడు. వేప కాదు, ఉర్దూలో నీమ్ అంటే సగమని, సగం హకీం చేతిలో పడితే ప్రాణానికే గండమని మా దగ్గర సామెత ఉందని చెప్పాను. ఆయన కన్నడంలో ‘నకిలీ వైద్యుడు’ అని రాసుకున్నాడు.

అక్కడి నుంచి లక్ష్మమ్మ వాంగ్మూలం కోసం ఆమె ఇంటికి పోయాం. గోడకు ఆనుకుని కూర్చుంది. ఏం చెప్పనంది.

“వాడు నీ కాలు తీసిండు లక్ష్మమ్మా. గా నీమ్ హకీంను ఎందుకు కాస్తున్నవ్?” అన్నాను.

“కాస్తలేను సారూ. గాయన చేసింది నాకు తెల్వదా? గని ఆ పొద్దు ముందుగాల మీ దవాఖానకే వచ్చిన. డాక్టర్ లేడన్నరు. గాయన సగం హకీం అంటున్నవ్. మీ డాక్టర్ ఎంత హకీం సారూ?”

ఏమంటోందని అధికారి అడిగాడు. ఒక్క మాట తగ్గించకుండా కన్నడంలో చెప్పాను. ఆయన పోయి జీపెక్కాడు.

వాంగ్మూలం లేక కేసు నిలవలేదు. ప్రకాశ్ హైదరాబాద్ శివార్లలో, కూలీల బస్తీలో, మళ్లీ బోర్డు పెట్టాడని విన్నాను. లక్ష్మమ్మ మళ్లీ చేనుకు పోలేదు. నేను రిటైరయ్యేదాకా డాక్టరు పోస్టు నిండలేదు.

సగం వైద్యుడికి మా దగ్గర పేరుంది, చట్టముంది, సీలుంది. రాని వైద్యుడికి ఏ భాషలోనూ పేరు లేదు. పేరు లేని తప్పు మీద ఎవరూ పంచనామా రాయరు. నా నౌకరీలో నేను నేర్చుకున్నది ఇదే.