ఆపకుండా అప్పగించిన బెల్టు

మొన్న క్లాసులో పాఠం చెబుతూ, ఏడు నుంచి అయిదు దాకా ఒక్కొక్కటే పెంచుకుంటూ అంకెలిమ్మని కంప్యూటర్‌ని అడిగాను. ఇదేం అడగడం అని మొత్తుకోవాలా, వద్దా? కిక్కురుమనలేదు. ఖాళీ జవాబొకటి చూపించి ఊరుకుంది. "ఎర్రర్ రాలేదు కదా మేడమ్, అయితే కరెక్టే" అన్నాడు ముందు బెంచీలో ఒకడు. నాకు ఒళ్లు మండిపోయింది. వాడి మీద కాదు. సరిగ్గా ఈ మాటే పట్టుకుని మా బావని ఇంట్లో కూర్చోబెట్టిన వాళ్ల మీద.

బావ అంటే మా అక్క భర్త. కూర్మన్నపాలెంలో కాపురం, పోర్టులో కాంట్రాక్టు కింద, బొగ్గుని కుప్పకి చేరవేసే బెల్టు నడిపే పని. ఎన్ని సబ్బులు అరగదీసినా చెవుల వెనక నలుపు వదిలేది కాదు, దిండు గలీబుల గురించి అక్క రోజూ గోల. ఆ బెల్టు దగ్గర వాళ్లకో పద్ధతి ఉండేది. షిఫ్టు మారేటప్పుడు బెల్టు ఆపరు. వచ్చినవాడు భుజం మీద తడతాడు, ఉన్నవాడు లేస్తాడు, బెల్టు తిరుగుతూనే ఉంటుంది. "ఆపి ఇత్తే సిన్నతనం కదేటి" అనేవాడు బావ.

ఎవరు ఎంతసేపు బెల్టు నడిపారో ఆఫీసులో కొత్తగా కంప్యూటర్‌తో తీయడం మొదలెట్టారు. మొట్టమొదట తీసిన బావ షిఫ్టుకే సున్నా వచ్చింది. పనిలోకి రావద్దన్నారు. "నాను కూకుండిపోతే అంత బొగ్గు దానంతటదే ఎల్లిపోయిందేటే?" అని నన్నడిగాడు.

నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. ఆఫీసరుగారు చాలా మర్యాదగా స్క్రీన్ చూపించారు. బెల్టు మొదలైన సమయాలు ఒక వరస, ఆగిన సమయాలు ఇంకో వరస. మొదటిదానికి మొదటిది, రెండోదానికి రెండోది జతచేసి మధ్యలో నిమిషాలు తీస్తున్నారు. కానీ బావ కూర్చునేసరికే బెల్టు తిరుగుతోందాయె! షిఫ్టు మధ్యలో ఏ మరమ్మతుకో ఆపితే, ఆయన లెక్కలో ముందొచ్చేది ఆగడం, మొదలవడం ఆ తర్వాత. లేచేటప్పుడూ తిరుగుతున్నదాన్నే వదిలాడు. రెండు వరసలూ పొడవులో సమానం, జతలన్నీ తిరగబడ్డవి. ప్రతి జతలోనూ ముగింపు ముందు, మొదలు వెనక. ఏడు నుంచి అయిదు అన్నట్టే, కంప్యూటర్ అన్నిటికీ ఖాళీ ఇచ్చింది. షిఫ్టు మొదలైన సమయాన్ని మొదటి వరస ముందు తగిలించి, షిఫ్టు ముగిసిన సమయాన్ని రెండో వరస కొసన పెట్టాను. బావ పనంతా తెర మీదకి వచ్చేసింది.

"చిన్న లైను మేడమ్, ఎర్రర్ రాలేదు కదా అని..." అన్నారాయన. చిన్న లైనట! ఒక మనిషి షిఫ్టంతా మాయమైపోతే, కిటికీలోంచి బొగ్గుకుప్ప పెరగడం కళ్లెదుట కనబడుతుంటే, ఒక్కరికైనా అనుమానం రావద్దూ? సారీ అన్న ముక్క ఈరోజుకీ ఎవరి నోటా రాలేదు.

బావ మళ్లీ పనికెళ్తున్నాడు. మొన్న క్లాసయ్యాక ఫోన్ చేసి, ఆ పాత పద్ధతి ఇంకా ఉందా అని అడిగాను. "ఎక్కడిదే? మళ్లీ సున్నా వత్తాదేమోనని ఇప్పుడు ఆపేసి దిగిపోతన్నాను. నా తరవాతోడెక్కి మళ్లీ ఏసుకుంటన్నాడు. భుజం తట్టీవోడే లేడు." ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి తెగకుండా నడిచిన కాలాన్ని, మనిషి మాట నమ్మలేక, ముక్కలు చేసుకున్నాం.