బావగారి కోసం వేయించిన అరుగు

మా ఆయన అన్నగారిది కమలాపురం. పొలాలు, పలుకుబడి అక్కడ. పనులు మాత్రం కడపలో. అందుకని కడపలో మేం అద్దెకున్న ఇంటి ముందుగది దాదాపు ఆయన ఆఫీసే అయిపోయింది. ఆదివారం వచ్చిందంటే పొద్దున్నే నలుగురైదుగురు మనుషుల్ని వెంటేసుకుని దిగేవారు. సోఫా నిండిపోయేది, ప్లాస్టిక్ కుర్చీలు కూడా చాలేవి కావు. నేను గోడకు ఇవతల వంటింట్లో ఉండేదాన్ని. మగవాళ్లున్న గదిలోకి నేను వెళ్లకూడదు. బజ్జీల పళ్లెం గుమ్మం దగ్గర కింద పెట్టి, రెండుసార్లు గాజులు గలగలలాడించాలి. మా ఆయన వచ్చి పట్టుకెళ్లేవారు. ఆ గాజుల చప్పుడంటే నాకు ఇప్పటికీ చిరాకు. తర్వాత చేతులకు గాజులే మానేశాను.

పాప బడికి వెళ్లడం మొదలయ్యాక ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ పోస్టుకు వెళ్లాను. నేను ఎమ్మెస్సీ చదివాను. ఇంటర్వ్యూలో కాలేజీ కరస్పాండెంటు నాతో బోర్డు మీద పాఠం చెప్పించుకుని, బాగా చెప్పావమ్మా, తొందరగా కబురు చేస్తామన్నాడు. నేను రెండు కాటన్ చీరలకు గంజి పెట్టి ఇస్త్రీ చేయించుకుని, ఆ కబురు కోసం ఎదురు చూస్తూ కూర్చున్నాను.

కబురు రాలేదు. కరస్పాండెంటే వచ్చాడు, ఒక ఆదివారం, బావగారితో కలిసి. నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఆ ఇంటి గోడ ఒంటి ఇటుక గోడ. అవతల దగ్గినా వినబడేది.

"మీ మరదలు ఎప్పుడు చేరుతుందన్నా?" అని అడిగాడు కరస్పాండెంటు.

"ఆమె చెయ్యనంటాండాది లేప్పా. ఇంటి పనే చాలంట," అన్నారు బావగారు. "ఆ పోస్టు మనోడు ఒకడుండాడు, వానికియ్యి."

అంతే. ఇంకో మాటలోకి వెళ్లిపోయారు. మా ఆయన అక్కడే కూర్చుని ఉన్నారు. నేను బజ్జీలు వేశాను, పళ్లెం గుమ్మం దగ్గర పెట్టాను, గాజులు ఆడించాను. వాళ్లు తిన్నారు. బజ్జీలు బాగున్నాయని కరస్పాండెంటు అనడం కూడా విన్నాను.

సాయంత్రం మా ఆయన్ని అడిగితే, "అన్న ఏదో ఆలోచించే అనింటాడు," అన్నారు. నేను ఏడవలేదు. ఏడుపుకు బదులు కోపం గడ్డకట్టి నాలో ఉండిపోయింది. ఏళ్లు గడిచినా అది కరగలేదు. కరగనివ్వలేదనడమే నిజం. ఆయన కనబడిన ప్రతిసారీ తల వంచి "బాగున్నారా బావా" అంటూనే దాన్ని లోపల జాగ్రత్తగా చూసుకున్నాను.

తర్వాత మేం ఊరి కొత్త వైపున ఒక ఫ్లాటు కొనుక్కున్నాం. గోడలు లేచాయి, గచ్చు ఇంకా వేయలేదు. మా ఆయనకు వీటి మీద ఓపిక లేదు. "లోపలంతా నీ ఇష్టం," అన్నారు. ఆ మాట చెవిన పడ్డప్పుడు కూడా నాకు ఏ ఆలోచనా లేదు. ఫ్లాటు చూడ్డానికి బావగారు వచ్చారు. చెప్పులతోనే గదులన్నీ తిరిగి, హాలు మధ్యలో నిలబడి చేతులు చాపి చూపించారు.

"ఈడ పెద్ద సోఫా వెయ్యండి. పదిమంది కూసునేట్లుండాల. అద్దె ఇల్లు శానా ఇరుకయిపోయింది మాకు."

మాకు, అన్నారు. నేను "సరే బావా" అన్నాను. ఆయన మెట్లు దిగేలోపే నా మనసులో ఇల్లంతా తయారైపోయింది.

మర్నాడు మేస్త్రీని పిలిచి హాలుకూ వంటింటికీ మధ్య గోడ చూపించాను.

"ఇది తీసేయొచ్చా?"

"తీసేయొచ్చు మేడమ్. బిల్డింగు బరువంతా పిల్లర్ల మీదుండాది, ఇది ఉత్త అడ్డం గోడ," అన్నాడు. "కానీ ఎందుకు? పోపు వాసన, మాటలు అన్నీ హాల్లోకి వస్తాయి."

"రావాల్సిందే," అన్నాను.

గోడ పగలగొట్టే రోజు నేను అక్కడే ఉన్నాను. దుమ్ముకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను గానీ బయటికి పోలేదు. మొదటి ఇటుక ఊడి అవతలి వెలుగు కనబడినప్పుడు నాకు కలిగిన సంతోషం మంచిది కాదని తెలుసు. అయినా చాలా బాగుంది.

పైన దూలం మిగిలింది. దానికి ప్లాస్టరింగ్ చేస్తానన్నాడు మేస్త్రీ. వద్దన్నాను. కాంక్రీటు అలాగే బూడిదరంగులో, సెంట్రింగ్ చెక్కల అచ్చులతో ఉండిపోయింది. ఇక్కడ ఒక గోడ ఉండేదని వచ్చినవాళ్లకు తెలియాలి.

రాళ్ల కోసం బేతంచెర్ల వెళ్లాం. పాలిష్ ఫ్యాక్టరీల ముందు బండలు వరసగా నిలబెట్టి ఉన్నాయి, రోడ్డంతా తెల్లటి బురద. వంటిల్లు వైపుకు లేత గోధుమరంగు బండ, ముఖం కనబడేంత నునుపుగా పాలిష్ పట్టించమన్నాను. హాలు వైపుకు మాత్రం మన కడప నల్లరాయి కావాలని, అది కూడా పాలిష్ లేకుండా, గనిలో పొర విడినప్పుడు ఎలా ఉంటుందో అలాగే కావాలని చెప్పాను.

"అందరూ పాలిష్ అడుగుతారు. మీరు వద్దంటాండారే?" అన్నాడు అమ్మేవాడు.

"గరుగ్గా ఉంటే కాళ్లకు పట్టు," అన్నాను. మా ఆయన నా వైపు అనుమానంగా చూశారు.

ఇల్లు మూడు రకాల నేలలుగా విడిపోయింది. తలుపు తీయగానే నల్ల గరుకు రాయి. సోఫా లేదు. గోడకు మూరెడు ఎడంగా, దాని పొడవునా అదే రాయితో ఒక అరుగు, ఆనుకోవడానికి ఏమీ లేదు. అరుగు వెడల్పు మేస్త్రీ చెప్పినదానికంటే తగ్గించాను. మొదట అట్టపెట్టెలు పేర్చి నేనే కూర్చుని చూసుకున్నాను, ఎంత వెడల్పయితే కాసేపటికే నడుము నొప్పి పుడుతుందో. దానికి ఎదురుగా మెరిసే లేతరంగు బండ, దాని మీద స్టవ్ గట్టు. మామూలుగా వంట చేసేవాళ్లు గోడ వైపు తిరిగి ఉంటారు. నేను గట్టును తిప్పించాను. స్టవ్ దగ్గర నిలబడితే నా ముఖం అరుగు వైపు ఉంటుంది, అక్కడ కూర్చున్న వాళ్ల ముఖాలన్నీ నాకు కనబడతాయి. వంట చోటు దాటి వెళితే బాల్కనీ పక్కన టేకు చెక్క నేల, పేము కుర్చీలు, మెత్తలు, పుస్తకాల అలమర, చేనేత కాటన్ తెరలు. ఇంట్లో హాయిగా కూర్చోగలిగిన చోటు అదొక్కటే. అక్కడికి చేరాలంటే నా వంట చోటు దాటాలి. బావగారి మనుషులు చచ్చినా దాటరు.

గృహప్రవేశానికి వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు. రాయికీ చెక్కకూ భలే కుదిరిందన్నారు. మా అపార్ట్‌మెంటు వాళ్లు ఫోటోలు తీసుకున్నారు. బావగారు మాత్రం దూలం కింద నిలబడి పైకి చూసి, "గోడ యాడికి పోయింది?" అన్నారు.

తర్వాతి ఆదివారం ఆయన మామూలుగానే వచ్చారు. వెంట వచ్చినవాళ్లలో ఆ కరస్పాండెంటు కూడా ఉన్నాడు. నన్ను చూసి అందరూ కొంచెం తడబడ్డారు. నేను గట్టు వెనక నిలబడి, "కూర్చోండి," అన్నాను. అరుగు మీద వరసగా సర్దుకున్నారు. మా ఆయన ఒక చివర కూర్చున్నారు.

మాటలు ముందు గొంతు తగ్గించి మొదలయ్యాయి. కాసేపటికి నేనున్నానన్నది మర్చిపోయారు. ఒకరు ఒకవైపుకు, ఇంకొకరు ఇంకోవైపుకు ఒరుగుతూ, నడుములు సర్దుకుంటూ మాట్లాడుతున్నారు. కాన్పు సెలవులో ఉన్న ఒక లెక్చరర్‌ను మళ్లీ తీసుకోకూడదని కరస్పాండెంటు ఆలోచన. ఆమె తరఫువాళ్లు గొడవ చేయకుండా బావగారు చూడాలి.

"నేను చెప్తాలేప్పా," అన్నారు బావగారు. "బిడ్డను చూసుకుంటా ఇంట్లో ఉంటుంది. ఆమెకీ అదే ఇష్టముంటుంది."

నేను నూనెలో ఎండుమిరపకాయలు గుప్పెడు వేశాను. చిమ్నీ వేయలేదు. ఘాటు హాలంతా కమ్ముకుంది. అందరూ ఒకటే దగ్గు.

"ఆమెను అడిగినారా బావా?" అన్నాను.

దగ్గు మధ్యలో అందరూ తలెత్తారు.

"ఏందమ్మా?"

"ఆమెకు ఇష్టమో కాదో ఆమెను అడిగినారా అంటున్నా." కరస్పాండెంటు వైపు తిరిగాను. "నేను ఉద్యోగం చెయ్యనన్నానని మీకు చెప్పినారు కదా సార్. నేను ఎప్పుడూ అనలేదు. నన్నెవరూ అడగలేదు. ఆ రోజు గోడ ఇవతలే ఉన్నాను, మీరు తిన్న బజ్జీలు నేనే వేస్తున్నాను."

కరస్పాండెంటు ముఖం ఎర్రబడింది. మిరపకాయల ఘాటో, సిగ్గో. "అన్నే చెప్పినాడమ్మా, నువ్వే వద్దన్నావని," అన్నాడు. వెంట వచ్చినవాళ్లు బావగారి వైపు చూశారు. వాళ్ల ముందు ఆయన మాట అబద్ధమని తేలడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. వాళ్లూ చూసి ఉండరు.

బావగారు తమ్ముడి వైపు తిరిగారు. "ఏంరా, వింటాండావా నీ పెండ్లాం మాటలు?"

మా ఆయన లేచారు. అన్న పక్షమో, నా పక్షమో ఏదో ఒక మాట అంటారని ఎదురు చూశాను. ఆయన నేరుగా గట్టు దగ్గరికి వచ్చి, చిమ్నీ స్విచ్చి వేసి, టీ గ్లాసుల ట్రే తీసుకుని వెళ్లి అందరికీ ఇచ్చారు. అంతకుమించి ఆయన వల్ల కాలేదు. నాకు అప్పుడు కోపం వచ్చింది, ఇప్పటికీ కొంచెం ఉంది.

టీ సగం తాగి లేచిపోయారు. తలుపు దగ్గర బావగారు ఆగి, "మనిషి కూసోను చోటే లేకుండా చేసినావమ్మా," అన్నారు.

"చోటుంది బావా. ఏం మాట్లాడినా అందరికీ వినబడుతుంది, అంతే."

ఆయన మళ్లీ రాలేదు. ఆదివారాలు వేరే ఎవరి ఇంట్లోనో కూర్చుంటున్నారట. ఆ లెక్చరర్‌ను మాత్రం కాలేజీ తిరిగి తీసుకోలేదని తెలిసింది. నా మాట వల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు. పొలం పనుల విషయంలో అన్న తనకు ఏదీ చెప్పడం లేదని మా ఆయన అప్పుడప్పుడూ దిగులుపడతారు. నాకు ఆ దిగులు అంటదు. ఒక్కోసారి ఆయన్ని ఓదార్చబోయి, మధ్యలో మానేస్తాను.

ఈ మధ్య మా తోడికోడలు, బావగారి భార్య, ఆస్పత్రి పని మీద కడపకు వచ్చి ఒక్కతే మా ఇంటికి వచ్చింది. అరుగు మీద కూర్చోబోతే వద్దని చెప్పి, వంట చోటు దాటించి పేము కుర్చీలో కూర్చోబెట్టాను. అలసందల వడలు పెట్టాను. తెరల అంచు వేళ్లతో పట్టి చూసింది, టేకు నేల మీద పాదం ఆనించి చూసింది.

"ఇంట్లో రోజూ నిన్ను తిడతానే ఉండాడు," అంది చివరికి. నేను సంజాయిషీ వెతుక్కుంటున్నాను. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. "అందరి ముందరా అనేసినావంట కదా? ఏమన్నావో సరిగ్గా చెప్పు. ఆయన ముఖం ఎట్లుండె?"

చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆగి, కళ్లు తుడుచుకుని, మిరపకాయల దగ్గర్నుంచి మళ్లీ చెప్పమంది.